కీచురాళ్లు ఆగినప్పుడు: మా రెండు నిమిషాల హారర్ ఓపెనింగ్ కథ

ఈసారి రివ్యూ లేదు, టాప్ టెన్ లిస్టు లేదు. కాలేజీలో ఉన్నప్పుడు మేం తీసిన ఒక హారర్ సినిమా ఓపెనింగ్ గురించి మాట్లాడతా. పూర్తి సినిమా కాదు, ఓపెనింగ్ మాత్రమే. మాకిచ్చిన పని అదే. ఒక హారర్ సినిమా ఎలా మొదలవుతుందో రెండు నిమిషాల్లో తీసి చూపించాలి. టైటిల్ పడగానే కట్. తర్వాత కథ ఏంటని ఎవరూ అడగరు. వినడానికి సులువుగానే ఉంది కదా? మేమూ అలాగే అనుకున్నాం.

దాన్ని మేం రెండుసార్లు తీశాం. రెండోది ఈ వీడియో చివర్లో చూపిస్తా. మొదటిది చూపించను. ఎందుకు చూపించనో చెప్పడానికే ఈ ఎపిసోడ్.

మేం ఐదుగురం. నలుగురం ఖమ్మం టౌన్‌లో పెరిగినవాళ్లం. ఐదోవాడిది పాల్వంచ దాటాక భద్రాచలం రోడ్డు మీంచి లోపలికి వెళ్లే ఒక కోయ ఊరు. పేరు చెప్పను, ఎందుకో మీకే అర్థమవుతుంది. ఖమ్మం నుంచి కొత్తగూడెం దాకా మనకు అలవాటైన రోడ్డే. పాల్వంచ దాటి, థర్మల్ స్టేషన్ గొట్టాలు వెనకబడ్డాక రోడ్డు మారిపోద్ది. రెండు పక్కలా చెట్లు, ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కోటీ పడిపోతుంటాయి. టౌన్ పిల్లలం కదా, బస్సు కిటికీలోంచి చూడగానే ఫిక్స్ అయిపోయాం: లొకేషన్ దొరికింది, సగం సినిమా అయిపోయింది.

ముందే ఒక మాట చెప్పేస్తా, మీలో ఎవరైనా అటు వెళ్లి తీద్దామనుకుంటే పనికొస్తది. కిన్నెరసాని అభయారణ్యం. అక్కడ కెమెరా పట్టుకుని ఇష్టమొచ్చినట్టు లోపలికి వెళ్లడం కుదరదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం లోపల షూట్ చేయాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి. అందుకే మేం అడవి జోలికి పోలేదు. మా వాడి ఊరి పక్కన పొలాలు, ఇప్పచెట్లు, ఒక జామాయిల్ తోట. అంతే మా అడవి.

మార్చి నెలాఖరు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి బయటికొచ్చాం. అప్పుడు కనిపించింది ఆ దృశ్యం. దూరంగా చీకట్లో ఒక పెద్ద చెట్టు, దాని కింద చిన్న మంట. మంట పక్కన ఒక ముసలామె వంగి, నేల మీంచి ఏదో ఏరుతోంది. ఏరుతూ తనలో తాను ఏదో గొణుక్కుంటోంది. మా కెమెరామేన్ ఫోన్ తీసి జూమ్ చేసేశాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. నాలుగు నిమిషాల ఫుటేజ్ వచ్చింది.

ఆమె మా వాడి నాయనమ్మ. ఇప్పపువ్వు ఏరుతోంది. ఇప్పపువ్వు రాత్రి చివర్లో రాలుద్ది, తెల్లారేసరికి నేలంతా పరుచుకుని ఉంటది. ముందురోజే చెట్టుకింద ఎండాకులు ఊడ్చి కాల్చేస్తారు, పువ్వు శుభ్రంగా దొరకాలని. ఆలస్యమైతే పశువులు తినేస్తాయి. ఎలుగుబంట్లకి కూడా ఇప్పపువ్వంటే ప్రాణం, అందుకే పక్కన మంట. ఏరిన పువ్వు ఎండబెట్టి కొంత ఇంట్లో వాడుకుంటారు, కొంత గిరిజన సహకార సంస్థకి అమ్ముకుంటారు. ఆ రెండు మూడు వారాలు ఆ ఇంటికి అది చేతికొచ్చే డబ్బు. ఇదంతా మా వాడు అప్పుడే చెప్పాడు కూడా. మేం విన్నాం. విని, ఎడిటింగ్‌కి కూర్చున్నాం.

ఎడిటింగ్‌లో ఏం చేశామో వరుసగా చెప్తా. మంట రంగు ఎర్రగా పెంచాం. మిగతాదంతా నీలం, నలుపు. ఆమె వంగి లేచే కదలికని స్లో చేశాం. గొణుగుడు తీసేసి దాని మీద ఏదో అర్థం కాని మంత్రం లాంటిది పెట్టాం. మావాళ్లలో ఒకడు గొంతు బొంగురు చేసి చదివాడు, దాన్ని వెనక్కి తిప్పాం. మధ్యమధ్యలో నిమ్మకాయ, పసుపు, కుంకుమ క్లోజప్పులు. ఇవి ఖమ్మంలో మా రూమ్‌లో తీసినవి, పరుపు మీద నల్ల దుప్పటి వేసి. మొత్తం రెండు నిమిషాల నలభై సెకన్లు, నలభై ఒక్క షాట్లు. టైటిల్ ‘క్షుద్రవనం’. అన్నిటికంటే ముందు నల్ల తెర మీద తెల్ల అక్షరాలు: ‘యథార్థ సంఘటనల ఆధారంగా’.

ఏ సంఘటన? ఏమీ లేదు. అలా వేస్తే బాగుంటదని వేశాం.

సినిమాలు చూసే కదా నేర్చుకున్నాం అని మీరు అనొచ్చు. నిజమే. 2023లో వచ్చిన ‘విరూపాక్ష’ ఎలా మొదలైద్దో గుర్తుందా? క్షుద్ర పూజలు చేస్తున్నారన్న అనుమానంతో ఊరంతా కలిసి ఒక జంటని కాల్చేస్తారు. నాకు ఆ సినిమా ఇష్టం. కానీ ఆ ఓపెనింగ్‌లో ఊరి మీద కూడా మనకి భయం వేస్తది, అది గమనించారా? అక్కడ గుంపు కనిపిస్తది, అనుమానం కనిపిస్తది. మేం గుంపుని తీసేసి అనుమానం మాత్రం ఉంచుకున్నాం. పైగా ఆ అనుమానాన్ని పడేసింది ఒక పాత్ర మీద కాదు, నిజంగా అక్కడ బతికే మనిషి మీద.

క్లాస్‌లో వేశాం. రెండు చోట్ల జనం ఉలిక్కిపడ్డారు, మూడు చోట్ల నవ్వారు. నిమ్మకాయ క్లోజప్పుకి ఎక్కువ నవ్వారు. మార్కులు పర్లేదు. మావాడొకడు ముప్ఫై సెకన్ల ముక్క కట్ చేసి వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

పదిరోజుల తర్వాత హాస్టల్లో ఒక జూనియర్ నాకే ఒక వీడియో ఫార్వర్డ్ చేశాడు. ‘అన్నా, మీ అటువైపే అంట, చూడు’ అని. మాదే. టైటిల్ లేదు, మా పేర్లు లేవు. ‘యథార్థ సంఘటన’ అన్న కార్డు మాత్రం ఉంది. కింద ఎవరో రాశారు: చేతబడి చేస్తూ దొరికిన ముసలామె, ఏజెన్సీ ఏరియా.

నా ఫోన్ నేనే కాసేపు పట్టుకోలేకపోయా.

బయటివాళ్లకి ఇది చిన్న విషయంలా అనిపించొచ్చు కాబట్టి చెప్తున్నా. చేతబడి, బాణామతి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన పేపర్లలో జిల్లా పేజీల్లో ఇప్పటికీ వస్తూనే ఉంటాయి. మన భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం వైపు నుంచి కూడా వచ్చాయి. దేశం మొత్తం నేరాల లెక్క రాసే ఎన్‌సీఆర్‌బీ రిపోర్టులో హత్యలకి కారణాల పట్టిక ఒకటి ఉంటది. ఆస్తి గొడవలు, పాత కక్షలు, అలా. అందులో మంత్రతంత్రాలకి ఒక వరుస విడిగా ఉంటది. విడిగా ఒక వరుస పెట్టాల్సినంత ఉందన్నమాట. అనుమానం ఎవరి మీద పడుద్ది? ఎక్కువగా వయసు మీదపడ్డవాళ్ల మీద, ఒంటరిగా తిరిగేవాళ్ల మీద. అంటే చీకట్లో ఒంటరిగా చెట్టుకింద వంగి ఉన్న ముసలామె. మేం తీసింది సరిగ్గా అదే బొమ్మ.

మొహం కనపడదు. కానీ ఊరివాళ్లకి మొహం ఎందుకు? చీర చాలు, నడక చాలు. చెట్టు ఎవరి చెట్టో ఊరందరికీ తెలుసు.

మరుసటిరోజు ఐదుగురం వెళ్లాం. మా వాడి నాన్న, మేమంతా బాబాయ్ అంటాం, గడపలో కూర్చుని ఉన్నాడు. కోప్పడతాడు, తిడతాడు అనుకుని ప్రిపేర్ అయ్యి వెళ్లాం. తిట్టలేదు. ‘సదువుకున్నోళ్లు గదా, మీకు తెల్వదా బిడ్డా, ఈ మాట ఒకసారి ఒకల మీద పడితే ఏమైతదో’ అన్నాడు. అంతే. దానికంటే తిట్టినా బాగుండేది.

మాకు తోచింది ఒకటే. ల్యాప్‌టాప్ పట్టుకెళ్లాం. ఆ సాయంత్రం ఊళ్లోవాళ్లు చేరే చోట బాబాయ్ అందరినీ కూర్చోబెట్టాడు. ఒరిజినల్ ఫుటేజ్ చూపించాం, శబ్దంతో సహా. తర్వాత పక్కనే మార్చింది. కలర్ ఆన్ చేసి, ఆఫ్ చేసి చూపించాం: ఇదిగో మంట మామూలు రంగు, ఇదిగో మేం పూసిన ఎరుపు. మంత్రం చదివినవాడిని నిలబెట్టి అందరి ముందు మళ్లీ చదివించాం. కుర్రాళ్లు పడీ పడీ నవ్వారు. ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు. చివరిదాకా చూసి, లేచి వెళ్లిపోయాడు. ఆయన ఏమనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆమెకి ఏమీ జరగలేదు. అది మీకు ముందే చెప్పాల్సింది, సారీ. కానీ మేలో మా వాడు మాటల్లో అన్నాడు: ఆ సీజన్‌లో మిగిలిన రోజులన్నీ నాయనమ్మ చీకట్లో చెట్టు దగ్గరికి వెళ్లలేదంట. పూర్తిగా తెల్లారాక, పక్కింటావిడని తోడు తీసుకుని వెళ్లేదంట. అప్పటికి పువ్వు సగం కూడా ఉండదు కదా. డిపోలో ఎన్ని కేజీలు తగ్గిందో నేను అడగలేదు. అడిగే మొహం లేదు.

ఈ ‘యథార్థ సంఘటన’ కార్డు గురించి ఇంకొంచెం మాట్లాడాలి. ఎందుకంటే దీనికి పెద్ద చరిత్రే ఉంది. 1999లో అమెరికాలో ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ వచ్చింది. ముగ్గురు స్టూడెంట్లు అడవిలోకి వెళ్తారు, మాయమైపోతారు, వాళ్ల కెమెరాలు దొరుకుతాయి. అదీ కథ. నటులే కెమెరాలు పట్టుకుని తీసుకున్నారు. ప్రచారం కూడా ఇది నిజమే అన్నట్టు చేశారు, వెబ్‌సైట్ పెట్టి, ఈ ముగ్గురూ కనిపించడం లేదని పోస్టర్లు వేసి. మా బ్యాచ్‌కి అది బైబిల్. తక్కువ ఖర్చు, అడవి, చేతిలో కెమెరా. కానీ ఆ కథని మేరీలాండ్ రాష్ట్రంలో బర్కిట్స్‌విల్ అనే నిజమైన ఊరికి అంటగట్టారు. చాలా చిన్న ఊరు. సినిమా వచ్చాక జనం ఎగబడ్డారు, ఊరి పేరున్న బోర్డులు పీక్కుపోయారు. లేని మంత్రగత్తె కోసం వెతుక్కుంటూ వచ్చారు. సినిమా తీసినవాళ్లు తమ పనిలోకి వెళ్లిపోయారు, ఊరివాళ్లు మాత్రం ఊళ్లోనే ఉండాలి కదా. ఇది నేను మా గొడవ అయ్యాకే చదివా. ముందు చదివి ఉంటే ఆగేవాళ్లమా? నిజం చెప్పాలంటే, ఆగేవాళ్లం కాదేమో.

సరే, రెండో వెర్షన్.

మార్కులు అయిపోయాయి, ఎవరూ మళ్లీ తీయమనలేదు. అయినా తీయాలనిపించింది. రూల్ ఒకటే పెట్టుకున్నాం: ఇక్కడ బతికే మనిషిని భయంగా చూపించకూడదు. పెట్టుకున్నాక మాకు అర్థమైంది, ఆమెని తీసేస్తే మా దగ్గర ఏమీ లేదని. నిజంగా ఏమీ లేదు. నలభై ఒక్క షాట్లలో భయం అనేది ఎక్కడా మేం పుట్టించింది కాదు, జనం మెదడులో ముందే ఉన్న అనుమానాన్ని వాడుకున్నాం అంతే.

సెప్టెంబర్‌లో మళ్లీ ఆ ఊరు వెళ్లాం. ఈసారి కెమెరా బ్యాగులోనే ఉంది. రాత్రి అన్నాలయ్యాక నాయనమ్మ దగ్గర కూర్చున్నాం. ఆమెకి తెలుగు కంటే కోయ ఎక్కువ, మధ్యలో మా వాడు చెప్తున్నాడు. నేను అడిగా: ఒక్కదానివే చీకట్లో కూర్చుంటావు కదా, నీకు దేనికి భయం? ఎలుగుబంటికి అంది, ఇంకేముంటది అన్నట్టు. వచ్చేది ఎలా తెలుస్తది, కనపడదు కదా? కీచురాళ్లు చెప్తాయి అంది. ఏదన్నా పెద్దది కదిలితే ఆ దగ్గర్లో కీచురాళ్లు ఆగిపోతాయి. నువ్వు నడిచినా ఆగుతాయి. నువ్వు నిలబడితే కాసేపటికి మళ్లీ మొదలుపెడతాయి. నువ్వు కదలకుండా ఉన్నప్పుడు ఆగాయంటే...

ఆమె వాక్యం పూర్తి చేయలేదు. మాకు సినిమా దొరికేసింది.

కొత్త ఓపెనింగ్ ఇది. ఒక అమ్మాయి సాయంత్రం చివరి ఆటో దిగి, జామాయిల్ తోట పక్క దారిలో ఫ్రెండ్ ఇంటికి నడుస్తుంది. నడుస్తుంటే చుట్టూ కీచురాళ్లు ఆగుతుంటాయి, వెనక మళ్లీ మొదలవుతుంటాయి. ఆమె పట్టించుకోదు. ఫోన్ చూసుకోడానికి నిలబడుతుంది. కాసేపటికి చుట్టూ మళ్లీ మొదలవుతాయి. ఆమె కదల్లేదు. ఉన్నట్టుండి ఆగిపోతాయి. టైటిల్. అంతే, దెయ్యం లేదు, నిమ్మకాయ లేదు. తొమ్మిది షాట్లు, నిమిషం యాభై సెకన్లు.

జామాయిల్ తోట గురించి చెప్పకుండా ఉండలేను. సారపాకలో పేపర్ మిల్లు ఉంది కాబట్టి మన దగ్గర ఎక్కడ చూసినా ఈ తోటలే. చెట్లన్నీ గీత గీసినట్టు వరుసల్లో ఉంటాయి. పక్క నుంచి నడుస్తూ చూస్తే వరుసలు తలుపుల్లాగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. ఒక్క క్షణం చివరిదాకా ఖాళీ కనపడుద్ది, మరుక్షణం అంతా గోడ. ప్రతి తలుపులోనూ ఎవరో ఉంటారని చూసేవాడే వెతుక్కుంటాడు, మనం ఎవరినీ పెట్టక్కర్లేదు. ముందుసారి ఇదే తోట పక్కన రెండు రోజులు ఉన్నాం, ఒక్క షాట్ తీయలేదు. అది మామూలు తోట కదా, అడవి కాదు కదా అని!

టెక్నికల్‌గా మేం పడ్డ ఇబ్బందులు కొన్ని. ఒకటి, ఫోన్ కెమెరా నిజమైన చీకట్లో పనికిరాదు, అంతా గింజలు గింజలుగా వస్తది. అందుకని పొద్దు గూకాక ఇరవై నిమిషాలు ఉండే నీలం వెలుగులోనే తీశాం. రోజుకి ఇరవై నిమిషాలు, అలా నాలుగు సాయంత్రాలు. రెండు, ఎక్స్‌పోజర్ లాక్ చేయకపోతే టార్చ్ ఫ్రేమ్‌లోకి రాగానే కెమెరా కంగారుపడి మొత్తం చీకటి చేసేస్తది. స్క్రీన్ మీద నొక్కి పట్టుకుంటే లాక్ పడుద్ది, అందరికీ తెలుసు, అయినా తీసేటప్పుడు అందరూ మర్చిపోతారు.

మూడోది ముఖ్యమైంది, సౌండ్. మొదటి వెర్షన్‌లో బాగా లోతైన ‘ధూమ్’ శబ్దాలు నింపాం. ల్యాప్‌టాప్‌కి స్పీకర్లు పెట్టి వింటే గుండె అదిరేది. ఫోన్లో వింటే ఏమీ లేదు. చిన్న స్పీకర్ ఆ కింది శబ్దాన్ని పలికించలేదు. మన వీడియో చూసేది తొంభై శాతం ఫోన్లోనే కదా (ఇది లెక్క కాదు, నా అంచనా). కీచురాయి శబ్దం సన్నగా పైన ఉంటది, ఫోన్లో కూడా చక్కగా పలుకుద్ది. తోటలో కీచురాళ్లు పల్చగా ఉన్నాయి, అందుకే ఊరి చివర వరి గట్టు మీద రాత్రి ఒక ఫోన్ పెట్టి, మేం దూరంగా వచ్చేసి పావుగంట రికార్డ్ చేశాం. అడుగుల చప్పుడు విడిగా: ఒక బస్తా ఎండు జామాయిల్ ఆకులు ఖమ్మం రూమ్‌కి తెచ్చి వాటి మీద నడిచాం. వారంపాటు రూమంతా తలనొప్పి మందు వాసన.

అసలు చిక్కు చివరి నిశ్శబ్దం దగ్గర వచ్చింది. కీచురాళ్లు ఆపి, మూడు సెకన్లు పూర్తి నిశ్శబ్దం పెట్టాం. చూపించిన ప్రతివాడూ ‘సౌండ్ పోయింది’ అని ఫోన్ వాల్యూమ్ నొక్కుతున్నాడు! పూర్తి నిశ్శబ్దం ఫోన్లో భయంలా అనిపించదు, నెట్ ఆగినట్టు అనిపిస్తది. అందుకని ఆ మూడు సెకన్లలో అమ్మాయి ఊపిరి పెట్టాం. సన్నగా. అప్పుడు పనిచేసింది.

శబ్దంతో భయపెట్టడం మన దగ్గర కొత్తేం కాదు. రామ్ గోపాల్ వర్మ ‘రాత్రి’ 1992లో వచ్చింది, నేపథ్య సంగీతం మణిశర్మ, ఆయన తొలిరోజుల పని. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఈసారి తెర చూడకుండా ఒక పది నిమిషాలు వినండి. స్పీల్‌బర్గ్ ‘జాస్’ది కూడా అంతే, 1975. మొదటి సీన్‌లో అమ్మాయి నీళ్లలో చనిపోతుంది, సొరచేప మాత్రం కనపడదు. అది చూపించకుండా నడిపిన సినిమా అని మేం క్లాస్‌లో నోట్స్ రాసుకున్నాం కూడా. రాసుకుని వెళ్లి నిమ్మకాయలు తీశాం.

రెండోది పూర్తయ్యాక ముందు ఊళ్లోనే చూపించాం, ఇంకెక్కడా పెట్టకముందే. నాయనమ్మకి కళ్లు సరిగా కనపడవు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వింది. మొదటిసారి కీచురాళ్లు ఆగినప్పుడు ఏమీ అనలేదు. మళ్లీ మొదలయ్యాయి. రెండోసారి ఆగగానే మా వాడి మణికట్టు పట్టుకుంది. అయిపోయాక, ఆ పిల్ల చేతిలో కర్ర లేకుండా ఎందుకు బయల్దేరింది, బుద్ధి లేదా అని తిట్టింది.

తర్వాత కాసేపాగి అడిగింది: ‘ఇందులో నేను లేనా?’

లేవు నాయనమ్మా, అన్నాడు మా వాడు.

‘కీచురాళ్లు మన గట్టువేగా’ అంది.

క్లిప్ ఇప్పుడు వేస్తున్నా. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. మొదట్లో వాల్యూమ్ పెంచొద్దు.